గోడలో ఏసీ

పాతపట్నం

గిరిబాబూ,

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు, ఎడమ చేత్తో రాస్తున్నాను. ఫోన్ చేస్తే ఇటు ఒక కొడుకు, అటు ఒక కొడుకు వింటారు.

ఆదివారం ఏసీ బాగుచేయడానికి రమ్మని మీ పెద్దబావ చంద్రమౌళి నీకు కబురు పెట్టాడట. మా పంపకాల్లో గది వాడికీ, వసారా చిన్నాడు చినబాబుకీ వచ్చాయి. మధ్యగోడలో ఉన్న ఏసీ సంగతి పెద్దమనుషులెవరికీ తట్టలేదు. చల్లగాలి గదిలోకి, వేడిగాలి వసారాలోకి. అక్కడ చినబాబు కూతురు ఒళ్లంతా చెమటకాయలతో ఏడుస్తూ ఉంటుంది.

మొన్న చినబాబు గునపం తెచ్చి, "నీ సల్లదనానికి నా పిల్ల ఉడికిపోవాలేటి?" అని ఏసీని వెనకనుంచి పొడిచాడు.

"గది నాది, మిషనూ నాదే. ఇంకోపాలి సెయ్యేస్తే నరికేస్తాను!" అంటూ పెద్దాడు కొబ్బరికాయల కత్తితో దూకాడు.

ఆ ఏసీ తక్కువ ఖర్చులోనే బాగవుతుందని నువ్వంటావు, నాకు తెలుసు. ఆ మాట మాత్రం వాడి దగ్గర అనకు. పాతదైపోయింది, రిపేరు కంటే కొత్తదే మేలని చెప్పు. కొత్తదానికి వేడి కక్కే డబ్బాని మేడ మీదకి ఎక్కించు. గోడలో కంతని దగ్గరుండి ఇటుకలతో మూయించు.

ఆసుపత్రి వాళ్లకి జారిపడ్డానని చెప్పాను. పాతది విప్పేటప్పుడు మూలన ఎర్రగా కనిపిస్తే తుప్పనుకోకు. కత్తికీ గునపానికీ మధ్య నా కుడిచెయ్యి పెట్టాను. పిల్ల కంటపడకుండా తుడిచేసి పట్టుకెళ్లు.

నీ మేనత్త