‘పిల్లి’ అను బాలిక విషయమై

సిరొంచ,
2 సెప్టెంబరు 1986, మంగళవారము.

శ్రీయుత వరద సహాయ శిబిరాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: శిబిరపు జనాభా పట్టీలో నా కుమార్తెగా నమోదైన ‘పిల్లి’ అను ఏడాది బాలిక బాలిక కాదనియు, నిజముగా పిల్లియే అనియు, దానికి ఉండుటకు ఒక చోటు చూపవలెననియు మనవి.

నేను రేవువాడ నివాసి దుర్గం లస్మయ్యను. వయస్సు యాభై ఎనిమిది. అవివాహితుడను. ముప్పై ఏండ్లుగా వాడలోని వారికి అర్జీలు వ్రాసి ఇచ్చువాడను. నా కొరకు వ్రాసుకొనుట ఇదే మొదలు.

1. వరద నీరు వాడలోకి వచ్చిన దినమున మమ్ములను పడవ ఎక్కించినారు. నా బొంత మూటలో ఎవరిదో తెలియని పిల్లి ఒకటి దూరి వచ్చినది. శిబిరముగా ఇచ్చిన ఈ బడిగదిలో మూట విప్పగానే నా మోచేయి రక్కి, పటముల అలమార వెనుకకు ఉరికినది. నేటికి పదిహేడు దినములు. గిన్నె కింద పడిన చాలు, వణకును. మనుషులు పక్కకు పోయినప్పుడే వచ్చి, నేను పెట్టిన ఎండుచేపల బువ్వ తిని, మళ్లీ దూరును.

2. జనాభా వ్రాయ వచ్చిన గుమాస్తా గోపాల్‌రావు గారు వార్ధా వైపు వారు, తెలుగు రాదు. మంచివారే. అలమార వెనుక చప్పుడు విని, లోపల ఎవరని మరాఠీలో అడిగినారు. నేను అప్పుడు గంజి కొరకు వరుసలో నిలిచియుంటిని. పక్క చాప మీది యాదక్కకు మరాఠీ సగమే వచ్చును. ఆమె “పిల్లి” అన్నది. ఆయన పేరనుకొని వ్రాసుకొనిరి. వయస్సు అడుగగా ఆమె ఒక వేలు చూపినది. ఆడా మగా అనగా ఆడదే అన్నది. ఎవరిది అనగా నా పేరు చెప్పినది. నేను నిలదీయగా ఆమె జవాబు ఇది: “నీ మూటలకెల్లి వచ్చింది గద లస్మన్నా, నీదే అన్న. నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?”

3. తత్ఫలితముగా నేను సర్కారు కాగితములలో ఒక ఆడపిల్లకు తండ్రినైతిని. శిబిరపు కావలి శంకరన్న అందరి ముందు “లస్మన్నా, పెండ్లి లేకున్న బిడ్డ పుట్టె! పురుటి దావతు ఎప్పుడే?” అని ఎకసెక్కెములాడుచున్నాడు. ఆడవాళ్లు కొంగు నోట కుక్కుకొని నవ్వుచున్నారు. దీనిని కూడ సహించితిని.

4. సహించలేనిది ఏమనగా, ఎల్లుండి గురువారము శిబిరము మూసి గది బడికి అప్పగింతురట. తల్లి లేని పిల్ల గనుక సదరు ‘పిల్లి’ని చంద్రపూర్ బాలగృహమునకు చేర్చవలెనని ఉత్తరువు వచ్చినది. అటుపక్క శంకరన్న “రేపు గోనెసంచిల కట్టి నది అవుతల ఇడిచొస్త, పరేషాన్ ఎందుకే” అనుచున్నాడు. నది అవతల ఏమున్నది అయ్యా? బురద, కుక్కలు.

5. నేను ఇంటికి తీసుకొనిపోదునంటే ఇల్లు లేదు. నాలుగు గోడలును కూలినవి. ముల్చేర నుండి మేనకోడలు చిన్నక్క “మామా, నువ్వు రా, పిల్లిని మాత్రం తేకు, ఇంట్ల కోడిపిల్లలున్నయి” అని కబురంపినది. ఆమె మాటలో తప్పు లేదు. ఇంతవరకు వ్రాయుటలో మూడుమార్లు లేచి అలమార వెనుకకు చూచివచ్చితిని. కూర్చుండబుద్ధి కాదు, నిలబడబుద్ధి కాదు.

నిన్న గోపాల్‌రావు గారికి సంగతి తెలిసి వారును నవ్వినారు. పేరు కొట్టివేయుటకు పైనుండి ఉత్తరువు రావలెను, నెల పట్టును, దీని మీద సంతకము చేసినచో పని ఇప్పుడే తీరునని ఒక కాగితము ఇచ్చినారు. అందులో “ఈ బాలికను నేను పోషింపజాలను, ఇష్టపూర్వకముగా వదులుకొనుచున్నాను” అని ఉన్నది. కలము పట్టితిని. పిల్లియే గదా, ఉత్త కాగితమే గదా అని నాకు నేనే చెప్పుకొంటిని. పాడు చేయి వినలేదు. ఇల్లు కూలినదన్ననాడు ఏడ్వనివాడను, ఆ కాగితము ముందర ఏడ్చితిని. యాదక్క చూచినది కూడ.

కావున తమరు దయతలచి, గోనెసంచి పని మాన్పించవలెను. అది తనంత తాను బయటికి వచ్చువరకు గది వెనుక కిటికీ తెరిచియుంచి, నన్ను అక్కడ కూర్చుండనీయవలెను. అటుపైన దానికి ఒక చూరు చూపవలెను. పట్టీలో పేరు కొట్టివేయుట కష్టమైనచో, అట్లే ఉండనీయవచ్చును. నాకు అభ్యంతరము లేదు.

నోరు లేని దాని తరఫున నోరున్న నేను పెట్టుకొన్న ఈ మనవిని చిత్తగించవలెను. యాదక్క చేత పంపుచున్నాను.

తమ విధేయుడు,
దుర్గం లస్మయ్య

తా.క.: సంతకం కాడ సిరా చెరిగింది, మళ్ల రాయుమనకుండ్రి సార్. అది బయటికొచ్చింది. కాగితం మీదికెల్లి నడిచి నా ఒళ్ల కూసున్నది. ఇంక వణుకుతనే ఉన్నది. నేను కదిలితె పోతది. విచారణకు కచేరీకి రమ్మంటె ఇగ నేను రాలేను, తమరే రాండ్రి. చెప్పులు బయట ఇడిచి, జర మెల్లగ.