ఆయన చుట్టూ ఇనుము

అక్టోబర్ 26

ఆరాధన అయ్యాక ఆయన సమాధి దగ్గరికి వెళ్ళాం. వచ్చే ఆదివారమే సమాధుల పండుగ. సున్నం వేయించాలి, పేరు చెక్కిన పలక పెట్టించాలి. మరిది ప్రకాశం విశాఖ నుంచి అందుకే వచ్చాడు. సిమెంటు మీద ఫోను పెట్టి అందులో దిక్సూచి చూశాడు. మొహం మాడిపోయింది.

"వదినా, అన్నియ్య కాళ్ళు తూరుపుకి లేవు. పక్కకి తిరిగిపోయి ఉన్నాడు."

ప్రభువు తూర్పున వచ్చే రోజున అందరూ లేచి ఎదురుగా చూస్తారు. ఈయనొక్కడూ ప్రహరీ గోడకేసి చూస్తూ నిలబడాలా?

అక్టోబర్ 27

నిద్ర లేదు. పక్క సమాధులన్నీ ఇదే వరుసలో ఉన్నాయి కదయ్యా అన్నాను. అయితే అందరిదీ తప్పేనంటాడు. ఆ ఫోను వీడికి దేవుడి వాక్యం అయిపోయింది.

అక్టోబర్ 28

ప్రకాశం ఇందా బజారుకి వెళ్ళి ఒక బెంగాలీ మిస్త్రీని మాట్లాడుకొచ్చాడు. శుక్రవారం సిమెంటు పగలగొట్టి, పెట్టెను తిప్పి... చెవులు మూసుకున్నాను. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పెట్టె ఎలా ఉందో, ఆయన ఎలా ఉన్నారో. మళ్ళీ ఆయన్ని కదపడమా? వద్దనడానికీ ధైర్యం చాలడం లేదు. వాడు చెప్పేదే నిజమైతే?

అక్టోబర్ 29

బిలాస్‌పూర్ నుంచి సునీత ఫోను. నా కూతురే అయినా బళ్ళో సైన్సు టీచరు కదా, నన్నూ బెంచీ మీద కూర్చోబెట్టినట్టే చెప్పింది. దిక్సూచిలో ముల్లు చిన్న అయస్కాంతమట. భూమి పెద్ద అయస్కాంతమే గాని దాని లాగుడు మెత్తన. ముల్లు తేలిగ్గా తిరిగేలా వదిలితే ఆ లాగుడుకి ఉత్తర దక్షిణాలుగా సర్దుకుంటుంది. దగ్గర్లో ఇనుముంటే మాత్రం భూమిని వదిలేసి దాని మాట వింటుంది. ఫోనుదీ అదే బుద్ధి.

"అమ్మా, నాన్న సుట్టూ ఏటున్నాయి?"

రైలు పట్టా ముక్కలు!

రైల్వేలో ఆయన గ్యాంగ్ వాళ్ళు స్క్రాప్‌లో కొని తెచ్చి సమాధి చుట్టూ హద్దుగా వేశారు. బతుకంతా పట్టాలు చూసుకున్న మనిషికి ఇంకేం వేస్తారు? మా ట్రాఫిక్ రైల్వే కాలనీలో ఏ గేటు స్తంభం చూసినా, ఏ దండెం గుంజ చూసినా పట్టా ముక్కే. మా కళ్ళకి అవి ఆననే ఆనవు.

అక్టోబర్ 30

ఫోనంటే విరక్తి పుట్టింది. సునీత చెప్పినట్టు నేనే చేసుకున్నాను. పాడైన రేడియో విప్పి, స్పీకరులోని అయస్కాంతంతో కుట్టుసూదిని ఒకే వైపుకి రుద్ది రుద్ది, థర్మాకోల్ ముక్క మీద పెట్టి నీళ్ళలో వదిలాను. స్టీలు పళ్ళెంలో... కదలనంటే కదలను అంది. నా మతి మండ, అదీ ఇనుమే కదా! ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాను.

తిరిగింది. మెల్లగా తిరిగి ఆగింది. వేలితో నెడితే మళ్ళీ అక్కడికే వచ్చింది. డబ్బా తెచ్చి ఇనుప మంచం కోడు పక్కన పెడితే మంచం వైపు మళ్ళింది. ఒక్కదాన్నే నవ్వాను. అమ్మయ్య అనబోయి ఆపుకున్నాను. చూడాల్సిన చోటు ఇది కాదు.

అక్టోబర్ 31

పొద్దున్నే సమాధుల తోటకి. మిస్త్రీ అప్పటికే సమ్మెట తీస్తున్నాడు. దాదా, కాసేపు ఆగు అని బతిమాలాను. పని మధ్యలో ఈ నీళ్ళాటేమిటని ప్రకాశం గొణుగుడు.

ఇనుము జాడ లేని చోట, దూరంగా, డబ్బా పెట్టాను. గాలికి కొంగు అడ్డం పట్టాను. సూది సర్దుకుంది. దాని వరుసలో నేల మీద ఒక చీపురుపుల్ల, దానికి అడ్డంగా, తూర్పు పడమరలుగా, ఇంకొకటి. తలెత్తి చూశాను. అడ్డం పుల్ల ఎటు చూస్తోందో ఆయన సమాధీ అటే. కాళ్ళు తూర్పుకే... తూర్పుకే!

ప్రకాశం తన ఫోను అక్కడే పెట్టి చూశాడు. అదీ సూది మాటే చెప్పింది. దాన్ని పట్టుకుని సమాధి వైపు నడిచాడు, ముల్లు వాలిపోయింది. వెనక్కి వచ్చాడు, సర్దుకుంది. మళ్ళీ నడిచాడు. ఆఖరికి పట్టా ముక్క మీద కూలబడ్డాడు.

"బద్దలు కొట్టించేసేవోణ్ణి వదినా. సేజేతులా."

వారమంతా తిట్టుకున్న నాకు వాణ్ణి చూస్తే కోపమే రాలేదు. అన్న మీద ప్రేమతోనే కదా ఇదంతా. మిస్త్రీ సమ్మెట సంచిలో పెట్టేసి పలకకి సిమెంటు కలిపాడు. ఇంటికొచ్చి మాంసం వండాను. ఇన్నాళ్ళకి ముద్ద గొంతు దిగింది.

నవంబర్ 2

పండుగ. బంతిపూలు, కొవ్వొత్తులు, తెల్లటి సున్నం. రైలెక్కే ముందు ప్రకాశం అన్నాడు, ఆ పట్టా ముక్కలు తీయించేద్దాం, రేపు ఇంకెవరో వచ్చి ఇలాగే భయపెడతారు అని. ఆలోచిస్తానన్నాను.

నవంబర్ 3

డబ్బా పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. నీళ్ళు తొణక్కుండా నడిచాను. దూరాన ఉన్నంతసేపూ సూది ఉత్తరమే చూసింది. దగ్గరికి వెళ్తుంటే కొంచెం కదిలింది... ఇంకొంచెం... ఆయన వైపు తిరిగిపోయింది.

ఇనుము. తెలుసు నాకు. అయినా వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాను.

సాయంత్రం ప్రకాశం ఫోను. పట్టాల సంగతి ఏం చేశావంటాడు. ఇంకా ఆలోచిస్తున్నానని చెప్పాను.