నువ్వు చుట్టిన ఆఖరి మోపు

మార్తా,

రేపటికి ఏడాది. నువ్వు ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉన్నావు, ఇక్కడ నీ మరిది నా ప్రాణం తీస్తున్నాడు.

యూనివర్సిటీ పొలంలో కోసిన పచ్చి మొక్కజొన్న తార్నాకలో మన కొట్టానికి చేరింది. ఎండాకాలానికి దాన్ని గాలి తగలకుండా మూసి, పులియబెట్టి పాతరగడ్డి చేసుకోవాలి. మోపులు చుట్టడానికి సాగే ప్లాస్టిక్ రోలు కొందామంటే ప్రకాశం వినడు.

"అన్నా, సువార్త సభల ఫ్లెక్సీలు ఉట్టిగనే పడి ఉన్నయి. పైసలెందుకు తగలేసుడు?"

"పోయినేడు వదిన పోయినంక అవే చుట్టినవు గదరా! గాలి దూరి గడ్డి అంత బూజు పట్టె. ఫ్లెక్సీల నా మొకానికి సుత బూజే!"

"సుతిలి గట్టిగ కట్టలే అన్నా, గంతే."

వాక్యం తెరిచి, రాజు కలలో కరువుకు గుర్తుగా వచ్చిన ఏడు బక్క ఆవుల సంగతి గంటసేపు బోధించాను. సభలను కదిలించిన నోరు వాడిని కదిలించలేదు.

"వదిన రోలుతోని చుట్టిన మోపు ఒకటున్నది గదా. ఇప్పి చూద్దాం. మంచిగుంటే రోలే కొందాం" అన్నాడు.

ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు నువ్వు ఆరు చుట్లు లెక్కపెడుతూ చుట్టిన మోపు అది. ఏడాదిగా నేను దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. కానీ మన బర్రె రూతు చూడితో ఉంది. బూజు మేత తింటే దూడ దక్కదు. నేనే కత్తి పెట్టాను.

ఒక్క మచ్చ లేదు. పుల్లమజ్జిగ వాసన. రూతు తల ఎత్తకుండా తిన్నది. ప్రకాశం కాచిగూడ వెళ్లి రోలు తెచ్చాడు.

సాయంత్రం కొత్త మోపుకు ఆరు చుట్లు చుట్టి, ప్లాస్టిక్ కొస దగ్గర ఇద్దరం ఆగిపోయాం. దాన్ని నువ్వు ఎటు మడిచేదానివో, నీ మోపు కోసే ముందు ఒక్కసారి చూడాలని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు.