చీలిన తూటాలు

బాపూ,

నిన్న నీ సంవత్సరీకం. అందరూ తిని వెళ్లాక సాయిలు కాక నా దగ్గరికి వచ్చాడు. నువ్వు కాల్చిన ఖాళీ తూటాలకు మళ్లీ మందు నింపి ఇచ్చింది ఆయనే కదా.

"మక్కచేన్లు మళ్ల అడవిపందుల పాలైతున్నయి బిడ్డా. కేసముద్రం నుంచి ఇంకో షికారీ వస్తుండు. మీ బాపు దాచిన ఖాళీ తూటాలుంటె ఇయ్యి, నింపుత."

రైఫిల్ నీ చేతుల్లోనే పగిలిన రోజు, "తుపాకి తుడుసుకోడు, ఎన్నిసార్లు చెప్పిన" అంటూ మానుకోట దవాఖాన ముందు అందరికంటే గట్టిగా ఏడ్చింది కూడా ఆయనే. ఊరంతా ఆ మాటే నమ్మింది. తప్పు నీదేనంది.

నువ్వు తూటాలు దాచిన డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక్కో తూటానూ వెలుగుకు ఎత్తి, అడుగున గోరుతో తడిమి, కొన్నిటిని పక్కన పడేశాడు.

"గివి చీలినయి. మళ్ల నింపితె తుపాకే పగుల్తది."

"గీ సంగతి నీకెప్పటిసంది ఎరుక, కాకా?"

"నింపుడు నేర్చినప్పటిసంది" అని గొప్పగా నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. చెయ్యి భుజం మీది తువ్వాల కోసం వెతికింది.

ఈసారి ఆయన్ని నా ముందు ఏడవనివ్వలేదు బాపూ.