కలోజెరో నాలుక

సెప్టెంబర్ 9, సోమవారం

పలెర్మో నగరం చేరాం. బస్సులో మూడు గంటలూ కలోజెరో నా భుజం మీద పడి నిద్రపోయాడు. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. ఇద్దరం కలిసి ఊరు దాటడం ఇది రెండోసారి. మొదటిసారి మా అత్తగారు కూడా వెంట వచ్చారు కాబట్టి అది లెక్కలోకి రాదు.

వచ్చింది చూడటానికి కాదు, తినడానికి. అక్టోబర్ ఒకటిన మా ఊళ్లో నా హోటల్ తెరుస్తాను. మెనూలో పన్నెండు వంటకాలు ఉండాలి. ఏవి ఉండాలో ఇక్కడ తిని తేల్చాలి. తేల్చేది కలోజెరో. స్కూల్ క్యాంటీన్‌లో పందొమ్మిదేళ్లు పిల్లలకి పాస్తా ఉడకబెట్టాను. నీ చేతి వంటని ఆ గంగాళాల్లో తగలేస్తున్నావే నున్జియా, మానెయ్ అని అతనన్నాకే జూన్‌లో రిజైన్ చేశాను. నా వంట మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. అతని నాలుక మీద ఉంది.

సాయంత్రం బల్లరో మార్కెట్‌లో దూడ ప్లీహం వేయించి పెట్టిన బన్ను తిన్నాం. నిమ్మరసం తగ్గిందేమో అని నేననుకుంటుండగానే, ఇంకో చుక్క పిండాల్సింది కదూ అని అతనే అన్నాడు. మా ఇద్దరిదీ ఒకే నాలుక. ఎంత సంతోషం వేసిందో.

సెప్టెంబర్ 10, మంగళవారం

పొద్దున కెథడ్రల్‌కి వెళ్లాం. పైకప్పు మెట్లెక్కేసరికి నా మోకాళ్లు మొర్రో అన్నాయి.

మధ్యాహ్నం ఒక సందులో ముసలాయన మిఠాయి కొట్టు కనబడింది. కన్నోలి అడిగాం. నేను పర్సు సర్దుకునేలోపే కలోజెరో ఒకటి పూర్తిచేసి, ఓహో, ఏం రుచి తాతా అంటూ రెండోది అందుకున్నాడు. అంతలో ముసలాయన నెత్తి బాదుకుంటూ వచ్చాడు. ఫ్రిజ్ ఆగిపోయి లోపల కూరిన రికొత్తా జున్ను పులిసిపోయిందట. తినకు బాబూ, ఉమ్మెయ్, నా కొట్టు పరువు తీయకు అని ఒకటే గోల. నేను ఒక ముక్క కొరికి చూశాను. కుక్క కూడా ముట్టదు.

బయటికొచ్చాక అడిగితే, పెద్దాయన నొచ్చుకుంటాడని ఊరుకున్నానన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను.

సెప్టెంబర్ 11, పొద్దున ఆరు

నొచ్చుకుంటాడని ఒకటి తింటారు. రెండోది ఎందుకు తిన్నాడు?

సెప్టెంబర్ 11, మధ్యాహ్నం మూడు

రేవు దగ్గర హోటల్లో వంకాయ కపొనాతా తెప్పించాను. అంత బాగా నేను ఈ జన్మలో చేయలేను. ముద్ద నోట్లో పెట్టుకుని అతను నా వైపు చూస్తున్నాడు. ఎప్పుడూ అలాగే చూస్తాడు. ప్రేమ అనుకునేదాన్ని.

కావాలనే మొహం చిట్లించాను. వెంటనే అతనూ చిట్లించి, వెనిగర్ మరీ ఎక్కువైంది, మన మెనూలో వద్దులే అన్నాడు. రెండో ముద్దకి కళ్లు మూసుకుని నవ్వాను. వంకాయ మాత్రం వెన్నే అనుకో అన్నాడు.

ఫోర్క్ కింద పెట్టి, ఎప్పట్నించి అని అడిగాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. నిరుడు జనవరిలో వచ్చిన జ్వరం దగ్గర్నుంచి. వాసన లేదు, రుచి లేదు. డాక్టర్‌కి తెలుసు. వాళ్ల అక్క కొంచెత్తినాకి తెలుసు. మా వీధి మంగలికి కూడా తెలుసు. నాకే తెలియదు.

చెబితే నువ్వా ఉద్యోగం వదిలేదానివా, నీకు ధైర్యం ఇంకెవరిస్తారే అన్నాడు. పైగా అదొక ఉపకారమైనట్టు!

సెప్టెంబర్ 11, సాయంత్రం

ఇరవై నెలలు. ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చోబెట్టుకుని తినిపించాను. సార్డిన్ చేపల సాస్ అతని మాట మీద నాలుగుసార్లు మార్చాను. నాలుగోసారి, ఇదే నున్జియా, ఇదే అన్నాడు. కళ్లు మూసుకుని మరీ అన్నాడు.

రుచి పోయినందుకు కోపం లేదు. రోగం ఎవరికైనా వస్తుంది. చెప్పి ఉంటే పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. నా ఉద్యోగం మాన్పించింది ఏ నాలుకతో? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు, నా బతుకు అట్లాగే అయింది. ఇన్నాళ్లూ అతనిచ్చిన తీర్పులన్నీ నా మొహం మీద చదివినవే. అంటే నా వంటకి మార్కులు నేనే వేసుకున్నాను. అవి సరైనవో కావో ఇప్పుడు ఎవర్ని అడగను?

చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించాను. హోటల్ వాళ్లు చూశారు. చూడనీ.

సెప్టెంబర్ 12, గురువారం

ఇవాళ ఒక్కదాన్నే తిరిగాను. ఏడు చోట్ల తిన్నాను. కపొనాతా మెనూలో ఉంటుంది.

సెప్టెంబర్ 15, ఆదివారం, మా ఇల్లు

కపొనాతా వండాను. కలోజెరో ఎదురుగా కూర్చున్నాడు. నేను కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను.

ఎలా ఉందే అని అడిగాడు. ఈ ఇరవై నెలల్లో అతను నన్ను అడగడం ఇదే మొదటిసారి.

చెప్పలేదు. ప్లేటు ఖాళీ చేశాను.