తలుపు మీది అంకె

గుడ్రున్ అక్కకు,

ఈ ఉత్తరం అందగానే పిల్లిని తీసుకుని గుట్ట మీద లీజల్ అత్తయ్య ఇంటికి వెళ్లిపో. సైరన్ మోగేదాకా ఆగకు. ఫోన్ చేస్తే ఆఫీసులో నా పక్క సీటు డెట్లెఫ్ వింటాడు, అందుకే రాస్తున్నాను.

మోసెల్ నది పొంగితే మీ కింది ఊరికి సైరన్ మోగించే కంప్యూటర్ నాదే, లైనక్స్‌తో నడిచేది. దాన్ని ఆపకుండా ఎన్ని రోజులు నడిపానో రోజూ పొద్దున గది తలుపు మీద సుద్దముక్కతో రాస్తాను. డెట్లెఫేమో విండోస్ భక్తుడు. "ఒక్కసారి ఆపి చూపించవయ్యా, మళ్లీ లేస్తుందేమో చూద్దాం" అని ఆరేళ్లుగా పొడుస్తున్నాడు. "నీదానిలా వారానికోసారి పడకేసే రకం కాదురా ఇది" అనేవాణ్ణి. అరిగిపోయిన డిస్కు మార్చడానికి కూడా ఆపనివ్వలేదు. తోడుగా తన విండోస్ మిషను పెడతానంటే నవ్వాను.

సోమవారం నేనొక్కణ్ణే ఉన్నప్పుడు నిమిషంపాటు కరెంటు పోయింది. నా కంప్యూటర్ మళ్లీ లేవలేదు. నది ఎగువన మూడు రోజులుగా ఒకటే వాన.

ఈ పొద్దున కూడా తలుపు మీద నేను రాసిన 2,194 చూసి డెట్లెఫ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "సరే, నువ్వే గెలిచావు. ఇక నా మిషను మాటెత్తను" అన్నాడు.

పక్కింటి హెల్గా వాళ్లు అడిగితే, అత్తయ్యను ఊరికే చూసొద్దామని వెళ్తున్నానని చెప్పు.

నీ తమ్ముడు