అమ్మ పుదీనా

తమ్ముడూ,

ఫోన్‌లో అయితే అరుస్తానని రాస్తున్నాను. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు పుదీనా కుండీలకు పురుగుమందు కొట్టి వెళ్ళావు. నల్లగా, ముళ్ళతో ఉన్నాయని నువ్వు చంపినవి చీడ కాదు, ఆ చీడను తినే అక్షింతల పురుగుల పిల్లలు. నెల రోజులుగా ఆకుల మీది పేనుబంక చీడను తడిగుడ్డతో తుడుస్తూ, వాటిని మాత్రం కాపాడుకుంటూ వచ్చాను.

మాత్ర వేసుకున్నాక వికారం తగ్గడానికి అమ్మ ఆ పుదీనాయే తుంచి నములుతుందని నీకు తెలుసు. అయినా ఒక్క మాట చెప్పలేదు. నువ్వు గుమ్మం దాటగానే ఖాళీ సీసా కంటపడింది కాబట్టి అమ్మ నోటి దాకా వెళ్ళిన ఆకు లాక్కోగలిగాను.

మొక్కలన్నీ పీకేశాను. ఇప్పుడు వాంతి ఆపుకుంటూ కూడా అమ్మ, "వాడు మన మంచికే కదే చేశాడు" అంటోంది. ఆ మాట నేను అనను.

అక్క